బావిలో పడని ఉంగరం

నాకు మూడు సంబంధాలు తప్పిపోవడానికి కారణం నా కళ్ళజోడేనని మా అమ్మ గట్టి నమ్మకం. నా జీతం కావచ్చు, నా మాటతీరు కావచ్చు, మూడో చోట నేను వరసగా నాలుగు మైసూరుపాకులు తినడం కావచ్చు అని నేను వాదించి చూశాను. అమ్మ ఒప్పుకోలేదు.

"సోడాబుడ్లు పెట్టుకోని పోయి కూసుంటే పిల్లనెవురిస్తార్రా? ఆ అద్దాల ఎనక నీ కండ్లు సింతగింజలంత కనపడతా ఉండాయి" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండు కళ్ళకూ మైనస్ ఏడు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు చూసుకునేవాణ్ణి. నా కళ్ళజోడు చూసి విద్యార్థులు పెట్టిన పేర్లు నాలుగైదు నా చెవిన పడ్డాయి. పడనివి ఎన్నో తెలియదు. నాలుగో సంబంధం చిత్తూరు దగ్గర ఒక పల్లెలో, మామిడి తోటల వాళ్ళింట్లో కుదిరేట్టు ఉందని తెలియగానే అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని కళ్ళద్దాల షాపుకు తీసుకెళ్ళింది. ముప్పై ఒక్క ఏళ్ళవాణ్ణి, చెయ్యి పట్టుకుని.

షాపులో ఉన్నావిడ నా కళ్ళల్లో కాంటాక్ట్ లెన్సులు పెట్టి, తీసి, మళ్ళీ నాతో పెట్టించి, చివరికి జాగ్రత్తలు చెప్పింది. "సార్, నీళ్ళకూ దీనికీ అసలు పడదు. కుళాయి నీళ్ళతో కడగొద్దు. తలకు పోసుకునేటప్పుడు కండ్లు గట్టిగా మూసుకోండి. పెట్టుకొని నిద్రపోవద్దు. ఈతకు పోయేటట్టయితే తీసి పెట్టేసి పోండి." ఫోన్లో ఏదైనా యాప్ వేసుకునేటప్పుడు నిబంధనలన్నీ చదివినట్టు ఒప్పుకుంటాం కదా, అలా తలూపాను. పెళ్ళిచూపులకు పోయేవాడికి ఈతతో పనేమిటి?

పెళ్ళిచూపులు బ్రహ్మాండంగా జరిగాయి. కొత్త లెన్సులు కదా, కళ్ళు తడితడిగా మెరుస్తూ ఉన్నాయి. మంట తట్టుకోలేక నేను మాటిమాటికీ తల వంచుకుంటున్నాను. అది వినయం అనుకున్నారు. కాబోయే అత్తగారు మా అమ్మ చెవిలో, "అబ్బాయి కండ్లల్లో ఎప్పుడూ తడి ఉండాది సూడండి. మెత్తని మనసు" అన్నారట. కాబోయే మామగారు ఇంకో అడుగు ముందుకేసి, బయట అరుగు మీద కూర్చున్న చుట్టాలకు వినబడేలా, "కండ్లంటే అట్లుండల్లప్పా మొగోనికి" అన్నాడు. ఆ ఇంట్లో నాకు వచ్చిన మొదటి మంచి పేరు నా కళ్ళకు వచ్చింది. ఆ తరవాత నేనెలా చెప్పగలను?

అమ్మాయి మాత్రం కళ్ళ గురించి ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "వేడిగా ఉండాది, అంచు పట్టుకోండి" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే మాట తలచుకున్నాను.

పెళ్ళి కుదిరాక, కళ్ళజోడు సంగతి ఇప్పుడైనా చెప్పేద్దామా అని అమ్మను అడిగాను. "మూడు ముళ్ళు పడనీ. ఆపైన నిదానంగా చెప్పుకుందువులే" అంది. మూడు ముళ్ళు పడ్డాయి. కానీ ఈ నిదానం అనేది చాలా ప్రమాదకరమైన వస్తువు. మొదటి రోజు చెప్పి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. వారం పోయాక చెబితే సంజాయిషీ అవుతుంది. నెల దాటాక చెబితే దానికి పేరు మోసం. నేను రెండు నెలలు దాటించాను.

ఆ రెండు నెలలూ నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. కళ్ళజోడు కాలేజీలో నా బల్ల సొరుగులో దాచాను. లెన్సుల డబ్బా గడ్డం గీసుకునే సామాన్ల సంచిలో. వాటిని నానబెట్టే మందునీళ్ళ సీసా మీద కాగితం చించేసి, అడిగితే ముక్కులో వేసుకునే మందని చెప్పాలనుకున్నాను. ఆమె అడగలేదు. రాత్రి దీపం ఆర్పాక లెన్సులు తీయడం, పొద్దున్నే లేచి తడుముకుంటూ స్నానాల గదికి పోయి పెట్టుకోవడం. ఈ మధ్యలో నేను పూర్తిగా గుడ్డివాణ్ణి. ఒక పొద్దున వంటింటి తలుపు మీద ఆరేసిన చీరను చూసి, "కాఫీ ఇస్తావా?" అని ఎంతో ప్రేమగా అడిగాను. చీర ఏమీ అనలేదు. ఇంట్లో ఎవరూ చూడనందుకు ఏడుకొండలవాడికి దండం పెట్టుకున్నాను.

నా భార్య మొదటి వారాల్లో గలగలా మాట్లాడేది. రాను రాను పొద్దుటి పూట మాట తగ్గిపోయింది. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. డబ్బా కనిపెట్టిందనుకున్నాను. అంతా తెలిసిపోయిందనీ, వాళ్ళ నాయనకు చెప్పడానికి సమయం కోసం చూస్తోందనీ, ఇక ఆ ఇంట్లో నా ముఖం చూసేవాళ్ళుండరనీ అనుకున్నాను. ఆ ఇంటివాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆమె నా ముఖం చూడకపోతే నేను బతకలేననిపించేది. అప్పటికే ఆమె అంటే నాకు అంత ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ నిజం చెప్పేయాల్సింది పోయి, ఆ ఇష్టం కొద్దీ ఇంకా గట్టిగా దాచాను. నా తెలివి అలాంటిది.

ఇంతలో వాళ్ళ ఊళ్ళో గంగ జాతర వచ్చింది. కొత్త అల్లుణ్ణి పిలవాలి కదా, పిలిచారు. మూడు రోజులు ఉండాలన్నారు. అత్తగారింట్లో అల్లుడి సంచి అల్లుడిది కాదు. మనం కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు ఎవరో ఒకరు బట్టలన్నీ తీసి బీరువాలో సర్దేస్తారు. అందుకని లెన్సుల డబ్బా, మందునీళ్ళ సీసా ఇంట్లోనే వదిలేసి, లెన్సులు మాత్రం కళ్ళల్లో పెట్టుకుని బయల్దేరాను. అంటే మూడు రోజులూ తీయడానికి లేదు. షాపావిడ చెప్పిన మాట గుర్తుంది. మూడు రోజులకేమవుతుందిలే అనుకున్నాను.

మొదటి రాత్రి లెన్సులతోనే పడుకున్నాను. పొద్దున లేచేసరికి కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. అయినా ఒక లాభం కనిపించింది. పడుకున్న చోటి నుంచే పైకప్పు దూలాలు లెక్కపెట్టగలిగాను.

ఆ రోజే తలంటు. మా బావమరదులు ఇద్దరు. నా భార్యకు అన్నలే గాని నా కంటే చిన్నవాళ్ళు. పెద్దవాడు తోట చూసుకుంటాడు, రెండోవాడు చిత్తూరులో మామిడికాయల మండీలో పని చేస్తాడు. ఇద్దరూ కలిసి నా తలకు అరగ్లాసు నువ్వులనూనె పట్టించి, పిండి రుద్దినట్టు రుద్దారు. నూనె అంటుతుందని, అత్తగారు పెట్టిన ఉంగరం తీసి పెరట్లో గూట్లో పెట్టాను. ఇక వేన్నీళ్ళు పోస్తారని నేను ఎదురుచూస్తుంటే, "లెయ్ బావా, పోదాం" అన్నాడు పెద్దవాడు.

"యాడికి?" అన్నాను. రెండో రోజుకే నా కాలేజీ భాష పోయి ఇంటి యాస వచ్చేసింది.

"బాయి కాడికి. ఈ ఇంటి అల్లుండ్లంతా ఆ బాయిలో దూకల్ల. మా చిన్నాయన అల్లుడు, బెంగుళూరు సాఫ్ట్‌వేరాయన, ఆయన కూడా దూకినాడు. ప్యాంటుతోనే."

నాకు ఈత రాదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ చిన్నప్పుడు మునిసిపాలిటీ ఈతకొలనులో నేర్చుకున్నాననీ, మా బ్యాచ్‌లో నన్ను మించినవాడు లేడనీ పెళ్ళయిన కొత్తలో నా భార్య దగ్గర కోతలు కోసి ఉన్నాను. ఆమె అది యథాతథంగా అన్నలకు చేరవేసింది. ఆ ఈతకొలనులో నేను కళ్ళజోడు లేక, దారి కనపడక, తాడు పట్టుకుని అవతలి గట్టుకు పోయేవాణ్ణని మాత్రం ఆమెకు చెప్పలేదు.

తోట మధ్యలో పెద్ద బావి. గోడలోంచి పొడుచుకు వచ్చిన రాతి మెట్లు, ఒక పక్క మోటారు, నీళ్ళల్లోకి దిగిన నల్లటి పైపు. ఎండాకాలం గనక నీళ్ళు కిందికి పోయి, ఆకుపచ్చగా ఉన్నాయి. గట్టు మీద మామగారు, పక్క తోట ఆయన, ఇంకో నలుగురు కూర్చున్నారు. నేను మనసులో ఒక పథకం వేసుకున్నాను. కళ్ళు గట్టిగా మూసుకుని దూకుతాను, మూసుకునే రెండు చుట్లు తిరుగుతాను, మూసుకునే మెట్లు ఎక్కేస్తాను.

దూకడం బాగానే జరిగింది. గట్టు మీద ఈలలు కూడా వినిపించాయి. కానీ గుండ్రటి బావిలో కళ్ళు మూసుకుని ఈదితే ఎటు పోతున్నామో మనకు తెలియదు. చూసేవాళ్ళకు బాగా తెలుస్తుంది. మొదట మోటారు పైపును కౌగిలించుకున్నాను. అక్కడి నుంచి తిరిగి, మెట్లనుకుని రెండో బావమరిది జుట్టు పట్టుకున్నాను. వాడు కేక వేసి నీళ్ళు మింగాడు. మళ్ళీ తిరిగాను.

"బావా, గోడ! కండ్లు తెరువు! గోడ!" అని అందరూ అరిచారు.

తెరిచాను. గోడ ముక్కుకు బెత్తెడు దూరంలో ఉంది. ఆ క్షణంలోనే బావమరిది కొట్టిన నీళ్ళు నేరుగా కుడికంట్లో పడ్డాయి. చురుక్కుమంది. చేతితో రుద్దాను. అంతే, ఆ కంటికి లోకం అలికేసినట్టయింది.

మెట్టు మీద కూర్చుని, ఎడమకంటితో నీళ్ళల్లోకి చూశాను. లెన్సు నీళ్ళల్లో పడిపోయినట్టే. అది నీళ్ళ రంగే, గోరంత ఉంటుంది. వెతికినా దొరకదు. దొరికినా ఏమని చెప్పను? అయినా చూపు మరల్చలేకపోయాను.

"ఏమి బావా, అట్ల చూస్తా ఉండావు? ఏమన్నా పోయినాదా?" అన్నాడు పెద్దవాడు.

ఏమీ లేదని చెప్పవచ్చు. కళ్ళు తిరిగాయని చెప్పవచ్చు. కానీ భయపడినప్పుడు నా నోటికి నాతో సంబంధం ఉండదు. "ఉంగరం" అన్నాను.

అన్న వెంటనే అది గూట్లో ఉన్న సంగతి గుర్తొచ్చింది. అప్పటికే రెండోవాడు ముక్కు పట్టుకుని మునిగిపోయాడు.

ఆ తరవాత ఆ బావి దగ్గర జరిగింది చూస్తే, ఆ ఇంటివాళ్ళ మీద ప్రేమ కలగనివాడు మనిషి కాడు. బావమరదులిద్దరూ మునుగుతూ లేస్తూ అడుగు బురదంతా చేతులతో దేవారు. మామగారు ఎక్కడి నుంచో పాతాళగరిగె తెప్పించాడు. బావిలో పడిన బకెట్లు పైకి తీసే కొక్కాల గుత్తి అది. ఉంగరం కొక్కేనికి తగులుకుంటుందా అని ఎవరూ అడగలేదు. అరగంట దాంతో గాలించారు. తరవాత మామగారు పంచె ఎగ్గట్టి, "కరెంటుండేది రెండు గంటల దాకానే. మోటరెయ్, బాయి ఎత్తిపోద్దాం" అన్నాడు.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "వద్దు మామా, పోనీండి" అన్నాను.

"పోనీడమేందప్పా? అత్తగారు పెట్టినారని నువ్వెంత ఇష్టంగా ఏసుకున్నావో మాకు తెలీదా?"

కోతకు వచ్చిన కాయకు నీళ్ళు పెడితే చప్పబడిపోతుందట. అందుకని ఎత్తిపోసిన నీళ్ళు తమ తోటకు కాకుండా పక్కాయన టమాటా చేనికి మళ్ళించారు. పక్కాయన కాలవ గట్టు మీద నిలబడి నా వైపు చూసి, "అల్లుడా, రేపు గొలుసు ఏసుకోని రాప్పా" అన్నాడు. నీళ్ళు దిగేకొద్దీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. రెండు బకెట్లు, ఒక చెప్పు, తుప్పు పట్టిన కొడవలి. చివరికి ఒక ఇత్తడి చెంబు. ఆ చెంబు చూసి మామగారు తల పట్టుకున్నాడు. మామగారి చెల్లెలు ఎత్తుకుపోయిందని అత్తగారు అనుమానపడి, ఆమెతో ఏళ్ళ తరబడి మాటలు మానేసింది ఆ చెంబు కోసమేనట.

ఉంగరం మాత్రం రాలేదు. అది రాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

అప్పుడు నా భార్య మజ్జిగ చెంబు తీసుకుని వచ్చింది. బురద పూసుకుని ఉన్న అన్నల్ని చూసి, "ఏమి పోయినాది?" అంది. "బావ ఉంగరం" అన్నాడు పెద్దవాడు. ఆమె నా వైపు తిరిగింది. ఒక కన్ను మూసుకుని, ఒక కంటితో చూస్తున్నాను గనక ఆమె ముఖం నాకు సగమే తెలిసింది. ఆమె చెయ్యి మెల్లగా కొంగు చివరి ముడి మీదికి పోయింది. మజ్జిగ అక్కడ పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంటికి చేరేసరికి నా కుడికన్ను ఎర్రగా మందారంలా ఉంది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. అత్తగారు అది చూసి కరిగిపోయింది. "ఉంగరం పోతే పోయినాది, ఏడవద్దు అల్లుడా. ఇంకొకటి చేపిస్తాం" అని నన్ను పడుకోబెట్టి, పెరట్లోంచి నందివర్ధనం పూలు తెచ్చి కళ్ళ మీద పెట్టింది. చల్లగా ఉన్నాయి. ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి కూడా తీసింది. పూల కింద నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఒక ఉంగరం కోసం ఇంత కుమిలిపోయే అల్లుణ్ణి ఎక్కడా చూడలేదని ఆమె వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

సాయంత్రం నా భార్య గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా చేతిలో ఏదో పెట్టి వేళ్ళు మూసింది. తడిమి చూడకుండానే అదేమిటో తెలిసింది.

"గూట్లో ఉండింది. పోతాదేమోనని నేనే తీసి కొంగున ముడేసుకున్నాను. ఎందుకట్ల చెప్పినారు?" అంది.

అదీ చెప్పాల్సిన సమయం. నోరు తెరిచాను. బయట ఆమె అన్నలు, రేపు పొద్దున్నే బురద గంపలకెత్తి జల్లెడ పడదామని మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు వింటుంటే ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది. "మరిచిపోయినాను" అన్నాను.

"మా వాళ్ళు పెట్టింది మీకు వద్దనుకుంటే నాతో చెప్పింటే సాలు" అని ఆమె లేచిపోయింది. ఉంగరం వద్దనుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. బయట ఆమె గొంతు వినిపించింది. ఉంగరం ఇంట్లోనే దొరికిందని, ఆయన మరిచిపోయారని చెబుతోంది. బావమరదులు పడీపడీ నవ్వారు. మామగారు నవ్వలేదు.

మర్నాడు కన్ను తెరవలేకపోయాను. కిటికీలోంచి వెలుతురు పడితే కారం చల్లినట్టుంది. కళ్ళకలక అని ఒకరు, బావినీళ్ళు పడలేదని ఒకరు అన్నారు. నా భార్య ఎవరి మాటా వినలేదు. "తిరుపతికి పోదాం, కండ్లాసుపత్రికి" అంది. పెద్ద బావమరిది కారు తీశాడు.

డాక్టరమ్మ పెద్దావిడ. నా గడ్డం యంత్రం మీద ఆనించి, కంట్లోకి లైటు వేసి అడిగింది. "లెన్సులు పెట్టుకుంటారా?"

వెనక నా భార్య, ఆమె అన్న నిలబడి ఉన్నారు. "లేదు మేడం" అన్నాను.

ఆవిడ నా పై రెప్పను దూదిపుల్ల మీదికి మడిచి, లోపలి నుంచి ముడుచుకుపోయిన పల్చటి పొర ఒకటి లాగి గాజుపలక మీద పెట్టింది. బావిలో పడిపోయిందనుకున్న లెన్సు ఒక పగలూ ఒక రాత్రీ నా రెప్ప కిందే చుట్టుకుని పడుకుంది.

"మరి ఇదేమి, చేప పొలుసా?" అంది.

బావమరిది వంగి చూసి, "బావా, నీ కంట్లో ప్లాస్టిక్ కవరుండాదే!" అని అరిచాడు.

ఆవిడ రెండో కంట్లోది కూడా తీయించి, నన్ను చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టింది. బావినీళ్ళల్లో, కుళాయి నీళ్ళల్లో, ఆఖరికి మందు కలిపిన ఈతకొలనులో కూడా కంటికి కనిపించని క్రిములుంటాయి. ఉత్త కంట్లో పడితే కన్నీళ్ళతో చాలావరకు కొట్టుకుపోతాయి. లెన్సు ఉంటే దాని కిందికి దూరి అక్కడే కాపురం పెడతాయి. పైగా రాత్రంతా తీయకుండా పడుకుంటే గాలి ఆడక కన్ను ముందే నీరసపడి ఉంటుంది. నల్లగుడ్డు అంచున తెల్లటి చుక్క పడిందని చెప్పింది. "ఇది మధ్యకు వచ్చి ఉంటే ఆ కంటి చూపు పోయేది. ఇంకో రెండు రోజులు దాచి ఉంటే వచ్చేది." గంటకొకసారి మందు చుక్కలు, రెండు రోజులకొకసారి చూపించుకోవడం, తను చెప్పేదాకా లెన్సుల మాట ఎత్తకపోవడం. అంచున ఆ చిన్న మచ్చ ఇప్పటికీ ఉంది, చూపుకు అడ్డం రాదు. ఇప్పుడు నేను ఈతకు పోతే లెన్సులు తీసేసి, నా పవరుకు చేయించిన ఈత గాగుల్స్ పెట్టుకుంటాను. కొలను దగ్గర లెన్సులతో దూకబోయే కుర్రవాళ్ళు కనిపిస్తే చెయ్యి పట్టుకుని ఆపి ఈ కథంతా చెబుతాను. నన్ను చూసి దారి మళ్ళేవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను.

ఆ రోజు బావమరిదికి విషయం కొంచెం కొంచెంగా ఎక్కింది. "అయితే నువ్వు బాయిలో ఎతికింది దీన్నా?" అన్నాడు. తలూపాను. "అయితే మేం బాయెత్తిపోసింది దీనికా?" మళ్ళీ తలూపాను. వాడు గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వి, ఆ నవ్వుతోనే ఫోను తీసి వాళ్ళ నాయనకు చెప్పుకుంటూ, మందుల కోసం కిందికి పోయాడు. రెండు నెలలు నేను ఊపిరి బిగబట్టి కాపాడిన రహస్యం అరనిమిషంలో ఊరు దాటిపోయింది.

ఫోను అవతల మామగారు నవ్వాడో లేదో తెలియదు, నా భార్య మాత్రం నవ్వలేదు. నేను తడుముకుంటూ వచ్చి వరండా బెంచీ మీద కూర్చున్నాను. కుడికన్ను మూసుకుపోయి ఉంది, ఎడమకంట్లో లెన్సు లేదు. పక్కన ఆకుపచ్చ చీర మసక మసకగా తెలుస్తోంది. ఇక దాచేదేమీ మిగల్లేదు. చేతులు కట్టుకుని మొదలుపెట్టాను.

"నేను చేసింది తప్పే. పెళ్ళికి ముందే చెప్పాల్సింది. నువ్వు నన్ను ఒదిలేసి పోతావేమోనని భయపడినాను. నువ్వు లేకపోతే నేను ఉండలేను..."

"నాకెందుకు చెప్తావప్పా ఇదంతా? నా టోకెను పిలిచినారు, కాళ్ళు తియ్" అంది ఆకుపచ్చ చీర. గొంతును బట్టి అరవై ఏళ్ళుంటాయి.

"నేనీడ ఉండాను" అని ఇంకో వైపు నుంచి నా భార్య గొంతు వినిపించింది.

అటు తిరిగాను. అక్కడ ఒక పసుపుపచ్చ మసక. నేను అన్న మాటలన్నీ ఆమె విందని అర్థమైంది. ఆమె అడిగింది.

"అవి లేకపోతే మీకు నేను కనపడనా?"

"కనపడతావు. మొగం తెలీదు."

"పొద్దున్నే?"

"పొద్దున కూడా. స్నానానికి పోయి పెట్టుకునేదాకా ఏమీ తెలీదు."

ఈసారి ఆమె గొంతు మారింది.

"పెండ్లయినప్పట్నుంచి పొద్దున్నే లేస్తానే మీ మొగం చూసి నవ్వుతా ఉంటిని. మీరు గోడను చూసినట్ల చూస్తా ఉంటిరి. పదైదు దినాలు చూసినాను. ఆపైన నవ్వేది మానేసినాను. ఇష్టం లేకుండా, మీ అమ్మ కోసం చేసుకున్నారనుకున్నాను. నిన్న ఉంగరం గూట్లో పెట్టి, బాయిలో పడిందని చెప్తే, అది కూడా ఒదిలించుకోవల్లని చూస్తా ఉండారనుకున్నాను."

ఆమె దగ్గర నా పరువు పోతుందేమోనని నేను రెండు నెలలు కళ్ళు మండించుకుంటే, ఆ రెండు నెలలూ ఆమె నా ఎదురుగా నిలబడి, తనలో ఏం లోపముందోనని వెతుక్కుంది. కన్ను పోయేదన్నప్పుడు నాకు భయమేసింది గాని ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఒక కంట్లోంచి వ్యాధికి, ఒక కంట్లోంచి దీనికి.

"అన్ని దినాలూ నవ్వినావా?" అన్నాను.

"పదైదు దినాలు" అంది కోపంగా. "ఎంత దూరం వస్తే తెలుస్తాది మీకు?"

"చాలా దగ్గర."

పసుపుపచ్చ మసక లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇప్పుడు?" అంది. లేదన్నాను. ఇంకో అడుగు వేసింది. "ఇప్పుడు?" ముక్కు యాడుందో తెలుస్తోందన్నాను. వరండాలో టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. ఆమె లెక్కచేయలేదు. నా భుజం మీద చెయ్యి వేసి వంగింది, ఇంకా వంగింది, ఆమె నుదుటి వెంట్రుకలు నా నుదుటికి తగిలేదాకా వంగింది. అప్పుడు కనిపించింది. ఏ లెన్సూ లేకుండా నేను ఆమె ముఖం చూడటం అదే మొదటిసారి. ఏడ్చి ఏడ్చి కళ్ళు నా కంటి కంటే ఎర్రగా ఉన్నాయి.

"ఈడనా?" అంది.

"ఈడే" అన్నాను.

"సరే. రేపట్నుంచి ఈడికొచ్చి నవ్వుతాను" అంది.